కోడి కాలి గుర్తూ, నా తెలివీ

నా పెళ్ళి ఒక కోడి కాలి గుర్తు దగ్గర ఆగిపోయేదే అంటే మీరు నవ్వుతారు. నవ్వండి, నేనేమీ అనుకోను. ఆ రోజు మాత్రం నాకు ఏడుపొక్కటే తక్కువ.

నేను గుంటూరువాణ్ణి, కౌలాలంపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసులో పక్క సీటు సుమతిని పెళ్ళి చేసుకోవాలనుకున్నాను. వాళ్ళ నాన్న సన్యాసిరావుగారు మలేషియాలోనే, తరాలుగా తెలుగువాళ్ళుండే సుంగై సుమున్ అనే ఊళ్ళో పామాయిల్ తోటపని చేసి రిటైరైన మనిషి. లైసెన్సు తీసుకుని అడవికోళ్ళు వేటాడ్డం ఆయన సరదా. "ఓ పాలి మా ఊరు రా బాబూ, మాటాడుకుందాం" అన్నారు. మాటలంటే కాఫీ, బిస్కెట్లు అనుకున్నాను. తీరా వెళ్తే మర్నాడు పొద్దెక్కగానే తోటలో నిలబెట్టారు.

వాన వెలిసిన బురద. దాని మీద వరసగా కోడి అడుగులు.

"ఇయి సూసి కోడిని పట్టడం నీకు తెలుసేటి?" అన్నారాయన.

"ఎందుకు తెలీదు మావయ్యగారూ! మా తాత పెద్ద వేటగాడు."

మా తాత పోస్టాఫీసు గుమాస్తా. జన్మలో ఆయన వెతికిందల్లా తన కళ్ళజోడే.

"అయితే నువ్వే ముందు నడు."

వంగి చూశాను. మూడు గీతలు వచ్చి ఒకచోట కలిశాయి. అచ్చం బాణం గుర్తు! రోజంతా కంప్యూటర్లో బాణాలు గీసేవాణ్ణి, నాకొకరు నేర్పాలా? మొన ఎటుంటే అటు బయల్దేరాను. ముళ్ళు, దోమలు, కాలవ మీద ఒంటి దుంగ. ఆ కోడి తిరిగిన వంకరటింకరలన్నీ తిరిగాం. వెనక ఆయన మోకాలు పట్టుకుని కుంటుతున్నారు.

"దగ్గరికొచ్చేశాం మావయ్యగారూ!"

"అలాగే బాబూ."

గంటన్నర తర్వాత ఆ అడుగులు ఒక కంచె దూరి పెరట్లోకి వెళ్ళాయి. అక్కడ సుమతి వాళ్ళమ్మ నూకల పళ్ళెంతో నిలబడి ఉంది.

"ఏటి, అప్పుడే వచ్చినారు? పొద్దున్న మన నూకలు తినీసి తోటలోకి పోయిందే, ఆ అడవికోడి దొరికిందా?"

సన్యాసిరావుగారు కిందకి వంగి బురదలో వేలు పెట్టారు. "ఇది మడం. ఇయి ఏళ్ళు. కోడి ఏళ్ళెటుంటే అటెల్తాది బాబూ. నువ్వు మడం పట్టుకుని ఎనక్కొచ్చినావు."

"మరి ముందే చెప్పలేదేం?"

"నువ్వు అడగనేదు."

తప్పు దారని తెలిసీ, కుంటికాలితో, పల్లెత్తు మాటనకుండా నా వెనక నడిచాడా పెద్దాయన. సిగ్గుతో చచ్చిపోయాను. కిటికీలో సుమతి తల పట్టుకుంది. ఇక ఈ సంబంధం గోవిందా అనుకున్నాను.

"నాకు తెలీదు మావయ్యగారూ. మా తాత వేటగాడూ కాదు."

ఆయన అరుగు మీద కూలబడి మోకాలు రాసుకున్నారు. "ఈ ముక్క కోసరమే ఇంత దూరం నడిచినాను లా!" అన్నారు, అక్కడివాళ్ళ అలవాటు చొప్పున మాట చివర 'లా' తగిలించి. తర్వాత ఇంట్లోకి కేకేశారు. "సుమతీ, మూర్తం ఎట్టించుకుందారి. కారు మాత్రం నువ్వే నడుపుకో!"

ఇందుమూలంగా యావన్మందికీ ప్రకటించేదేమనగా: ఈ కట్టె కాలేదాకా నేను ఏ కోడికీ దారి నిర్ణయించను.