జిద్దా నుంచి ఎంతసేపు

చాంద్రాయణగుట్టలో ఎయిర్‌పోర్టు బస్సెక్కి, అలవాటు ప్రకారం ఎక్కిన సమయం నోటుపుస్తకంలో రాసుకున్నాను. పక్క సీట్లో ఒళ్లో స్టీలు డబ్బాతో కూర్చున్నావిడ అది చూసింది. జిద్దా నుంచి వస్తున్న తమ్ముణ్ణి తీసుకురావడానికి వెళ్తోందట.

“సార్, ఆడ పొద్దుగాల తొమ్మిదిన్నరకు ఎక్కినోడు, ఈడ ఐదింటికే ఎట్ల దిగుతడు?”

లెక్క అడిగితే నేను ఊరుకోలేను. “సుమారు నాలుగు వేల వంద కిలోమీటర్లమ్మా. మన గడియారం రెండున్నర గంటలు ముందుంటుంది. నిజానికి పట్టేది ఐదు గంటలే.”

“ఇప్పుడు కొత్తగ విమానాలు జల్ది వస్తున్నయా?”

“లేదమ్మా, ఎన్నో ఏళ్లుగా అంతే.”

ఆమె ఒళ్లోని డబ్బా మూత మళ్లీ గట్టిగా నొక్కింది.

“పోయినేడు మా బాపు సచ్చిపోయిండు సార్. ఫోన్ జేస్తె, ‘నేనొచ్చేసరికి మూడు దినాలైతది అక్కా, బాపును ఆపకుండ్రి’ అన్నడు. నేనే తలకొరివి పెట్టిన. కొడుకు రాలేదేందని అడిగినోళ్లందరితోని లొల్లి పెట్టుకున్న, మూడు దినాల తొవ్వ అని.”

“సెలవు దొరికి ఉండదమ్మా,” అన్నాను.

“గదే చెప్పొచ్చు గద సార్. నమ్మకపోతునా?”

దారిలో పహాడీషరీఫ్ దగ్గర బస్సు ఆగగానే ఆమె డబ్బా పట్టుకుని దిగి, రోడ్డు దాటి, తిరుగు బస్సు ఆగే వైపు నిలబడింది. తమ్ముడి విమానం దిగడానికి అప్పటికి ఇంకా నలభై నిమిషాలుంది.