దప్పిగొన్న మట్టి

తాండూరులో బండలు అమ్మేవాళ్ళకు ఒక అలవాటుంది. కొనేవాడు గేటు దగ్గర కనిపించగానే పైపు పట్టుకుని బండల మీద నీళ్ళు కొడతారు. ఎండిన బండ దుమ్ము కొట్టుకుని మొహం వేలాడేసుకుని ఉంటుంది. తడిపితే దాని అసలు నీలం బయటపడుతుంది. ప్రేమ్‌సాగర్ పాలిష్ యూనిట్టులో ఆ పని వాళ్ళమ్మ మొగులమ్మది. పదిహేనేళ్ళలో ఆమె తడపని బండకు బేరం జరగలేదు.

అసలు బేరానికి వచ్చేవాళ్ళే కరువయ్యారు, అది వేరే సంగతి. ఊరూరా టైల్స్ దుకాణాలు లేచాక నాపరాయి మొహం చూసేవాడు లేడు. ఉన్న మూడు మిషన్లలో రెండు అమ్ముడుపోయాయి. మూడోది కూడా పోతే యూనిట్టుకు తాళమే. ప్రేమ్‌సాగర్ తండ్రి భీమయ్య ఒకరి పొలంలో జీతమున్నాడు, జీతగాడిగానే చచ్చిపోయాడు. ఆ ఇంట్లో ఒకరి ముందు చేతులు కట్టుకోకుండా బతికిన మొదటివాడు ప్రేమ్‌సాగర్. ఆ మిషను మీద అతనికున్న ప్రేమంతా ఇనుము మీద ప్రేమ కాదు.

అట్లాంటి రోజుల్లో చెల్లెలు నిరోషా ఫోను చేసింది. హైదరాబాదులో కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే ఆసుపత్రిలో ఆమెకు ఉద్యోగం.

"అన్నా, ఈడ పిల్లులను ఇంట్లనే పెంచుతరు. అవి దొడ్డికి పోనీకి ట్రేలల్ల మట్టి పోస్తరు. బయటి దేశం మట్టికి మస్తు గిరాకి ఉన్నది. నువ్వు రాళ్ళల్ల బతికినోనివి, ఏ మట్టి మంచిదో నీకు తెల్వదా?"

ప్రేమ్‌సాగర్‌కు నవ్వాగలేదు. చుట్టుపక్కల గనుల నుంచి సుద్ద మట్టి లారీలకు లారీలు బయటికి పోతుంటే, తాను దేశం కాని దేశం నుంచి తాండూరుకు మట్టి తెప్పించాలా? పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు గానీ పొరుగింటి మన్ను రుచి అని ఎవరూ అనలేదు. కానీ నవ్వు అయిపోయాక ఆ మాట బుర్రలోంచి పోలేదు.

నిరోషా మూడు రకాల మట్టి పొట్లాలు కట్టి పంపింది. ఒకటి గాజుపూసల్లా తెల్లగా ఉంది. ఒకటి ఆకుపచ్చ రాతి నూక. మూడోది టర్కీ నుంచి వచ్చే బూడిదరంగు మట్టి. ఏది తెప్పించాలో తేల్చింది మొగులమ్మే. బండల పనికి రాకముందు ఆమె పదేళ్ళు సుద్ద గనిలో తట్టలు మోసింది. గనిలో మంచి మట్టిని నాలుకతోనే పసిగట్టేవాళ్ళు. నాలుకకు ఎంత గట్టిగా అతుక్కుంటే అంత నీళ్ళు తాగే మట్టి అని లెక్క.

ఆమె చిటికెడు చిటికెడు నాలుక మీద వేసుకుంది. మొదటిది ఉమ్మేసింది. రెండోదానికి తల ఊపింది. మూడోది అతుక్కుని ఊడిరాలేదు, వేలితో గీకి తీయాల్సి వచ్చింది.

"మస్తు దప్పికున్న మట్టి కొడుకా," అంది. పళ్ళెంలో ఆ మట్టి పోసి చెంచాడు నీళ్ళు వదిలింది. నీళ్ళు పడ్డచోట మట్టి చిన్న ఉండకట్టింది. దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూపించింది. "మన సుద్ద అయితే బురదయ్యేది. గిది ముద్ద కట్టింది. గిదే తెప్పియ్యి."

పాత మిషన్ల వ్యాపారి ఎల్లప్ప దగ్గర ప్రేమ్‌సాగర్ మూడో మిషను మీద బయానా తీసుకున్నాడు. తెప్పించిన మట్టి అమ్ముడుపోతే బయానా తిరిగిస్తాడు, మిషను తనదే. పోకపోతే దసరాకు మిషను ఎల్లప్పది. ఆ డబ్బుతో ముంబై దళారి తెప్పించే సరుకులో వాటా మాట్లాడుకున్నాడు.

"వికారాబాద్‌ల మంచి గోడౌన్ ఉన్నది, కిరాయికి తీస్కో అన్నా," అంది నిరోషా.

"మన జాగ ఉండంగ గోడౌన్ ఎందుకే? నేను బండలను ఎన్నడన్న గోడౌన్ల పెట్టిన్నా?" అన్నాడు.

సరుకు వచ్చింది. నున్నటి ప్లాస్టిక్ సంచులు, సంచి సంచికీ మీసాల పిల్లి బొమ్మ. రేకుల షెడ్డు కింద బండల పక్కనే పేర్చారు. రెండు నెలలు ఎవరూ అడగలేదు. అప్పుడప్పుడు మిషను తిరిగినప్పుడల్లా రాతి దుమ్ము లేచి పిల్లుల మొహాలు కప్పేసింది. చివరికి హైదరాబాదు నుంచి ఈశ్వర్ అనే టోకు వ్యాపారి, శనివారం పొద్దున వచ్చి చూసి సరుకంతా ఎత్తుకుంటానన్నాడు.

శుక్రవారం ప్రేమ్‌సాగర్ లారీ మాట్లాడటానికి వికారాబాద్ పోయాడు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి సంచులన్నీ తళతళలాడుతున్నాయి. పైనుంచి కిందిదాకా పిల్లులు నిగనిగలాడుతూ నవ్వుతున్నాయి. మొగులమ్మ తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంటోంది.

"గంత దుమ్ముల ఎవడు కొంటడు? పైపు పెట్టి కడిగిన. రెండు గంటలు పట్టింది."

"మంచిగ చేసినవ్ అవ్వా," అన్నాడు అతను. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ మాటను తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నాడో.

పొద్దున ఈశ్వర్ ఒక సంచి ఎత్తాడు. అది సంచిలా వంగలేదు, బండలా నిలబడింది. వేలి కణుపుతో కొట్టి చూశాడు. తర్వాత సంచి అంచు తిప్పి సూదిమొనంత చిల్లులు చూపించాడు. "గాలి పోనీకి పెడతరు భయ్యా. నీళ్ళు గూడ గీడ్నుంచే పోయినయి." పది సంచులు కోశారు. రెండే పొడిగా ఉన్నాయి. మిగతా సంచుల్లో పొడివి ఏరి ఇస్తానని ప్రేమ్‌సాగర్ బతిమాలాడు. తడి తగిలిన సరుకుకు తాను మాట పడలేనని ఈశ్వర్ బండెక్కాడు.

మొగులమ్మ కోసిన సంచి ముందు కూలబడింది. "నాలిక మీద పెట్టి చూసిన గద కొడుకా," అంది. "ఎంత దప్పికనో నాకు ఎర్కే. ఎర్కుండి పోసిన."

అతనికి కోపం వచ్చింది. ఆ కోపాన్ని దించుకునే చోటు లేదు. గోడౌన్ వద్దన్నది తనే, మంచిగ చేసినవ్ అన్నదీ తనే. నీ తప్పేం లేదవ్వా అనాల్సిన మాట ఆ పూట గొంతు దాటలేదు. వారం తర్వాత అన్నాడు గానీ ఆమె విననట్టే కూర్చుంది.

దసరాకు రెండు రోజుల ముందు ఎల్లప్ప మిషను కోసం లారీ పంపుతానన్నాడు. దసరా దాటాక ప్రేమ్‌సాగర్ సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకు చేరాలి. వచ్చిపోయే ప్రతి కారుకూ లేచి నిలబడి దండం పెట్టాలి. తండ్రి పొలం గట్టున నిలబడ్డట్టే.

లారీ రావాల్సిన పొద్దున మిషను మీద దుమ్ము అట్టకట్టి ఉంది. మొగులమ్మ అలవాటుగా నల్లా దగ్గరికి పోయి పైపు అందుకుంది. అందుకుని, అక్కడే ఆగిపోయింది. పదిహేనేళ్ళలో ఆ పైపు పట్టడానికి ఆమె ఎవరినీ అడిగింది లేదు.

"కడగొచ్చునా కొడుకా?" అంది.

"కడుగవ్వా," అన్నాడు.

ఆమె నల్లా సన్నగా తిప్పింది. నీళ్ళు ఎటు పోతున్నాయో చూసుకుంటూ, భయపడుతూ భయపడుతూ కడిగింది.