బయటికెళ్ళి వచ్చే డాక్టరుగారు

పళ్ళ డాక్టరుగారికి కోపం వస్తే గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళి, కొత్త మనిషిగా మళ్ళీ లోపలికి వస్తారు. ఇంతకు మించి ఆయనలో ఏ వంకా లేదు. కానీ ఈ ఒక్కదానితోనే, ఆయన ఆసుపత్రిలోనే చీటీలు రాసే భార్యకి తలప్రాణం తోకకొచ్చేది.

నడివయసులో బాప్తిస్మం తీసుకున్నప్పటినుంచీ ఇదే వరస. లోపలి పాత మనిషి ఒక్కసారితో పోయే రకం కాదట. రుచి మరిగిన చుట్టంలా మళ్ళీ మళ్ళీ వస్తాడట. వచ్చినప్పుడల్లా వాణ్ణి మర్యాదగా వీధిలో దిగబెట్టి, ప్రభువుతో ఒక మాట చెప్పుకుని రావాలట. సిద్ధాంతం బాగానే ఉంది, నోట్లో దూది కుక్కించుకుని కుర్చీలో వెల్లకిలా పడి ఉన్న రోగి మాటేమిటి? పన్ను సగం కదిలాక విసుగు పుట్టిందంటే చాలు, డాక్టరుగారు పట్టకారు పక్కన పెట్టి బయటికి నడిచేవారు. తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, అప్పుడే పరిచయమైనట్టు దణ్ణం పెట్టేవారు.

"నమస్కారమండీ. ఏమిటి ఇబ్బంది?"

రోగికి ఇబ్బంది నోటినిండా ఉండేది, చెప్పడానికి నోరే ఖాళీ ఉండేది కాదు.

ఇంట్లోనూ అంతే. ఆవిడ దెబ్బలాటలో మంచి ఊపు మీద ఉండగా ఆయన చెప్పులేసుకుని బయటికెళ్ళి తలుపు కొట్టేవారు. కొత్త మనిషితో పాత గొడవ ఎలా పెట్టుకోవాలో తెలీక ఆవిడ ఉడికిపోయేది. ఒకసారి జోరువానలో అలాగే వెళ్ళి తడిసి ముద్దయి వచ్చారు. తుమ్ములు కొత్త మనిషివే గానీ, వేడినీళ్ళు కాచింది మాత్రం పాత పెళ్ళామే. వింతేమిటంటే, తిరిగొచ్చిన ఆ మొహంలో నిజంగానే కోపం జాడ ఉండేది కాదు. ఆవిడ పనిగట్టుకుని వెతికినా దొరికేది కాదు.

ఆవిడ తమ్ముడు కూడా పళ్ళ డాక్టరే, బావగారి దగ్గరే పనిచేసేవాడు. హస్తవాసి మంచిదే కానీ తాగుడు పట్టుకుంది. ఒకరోజు తాగొచ్చి, చర్చి సంఘ పెద్దగారి పుచ్చిన కోరపన్ను వదిలేసి, రెండోవైపు నిక్షేపంలా ఉన్నదాన్ని పీకి పారేశాడు. అప్పటినుంచీ పెద్దగారు "స్తోత్రం" అన్నప్పుడల్లా ఈల వినిపిస్తుంది. తమ్ముడు మొహం చూపించలేక ఊరు విడిచి పోయాడు. చాలాకాలానికి, తాగుడు మాని, ప్రార్థన పట్టుకుని తిరిగొచ్చాడు. డాక్టరుగారు ఏమీ అడక్కుండా లోపలికి పిలిచి అన్నం పెట్టించారు.

కానీ ఒక్క రోగీ అతని ముందు నోరు తెరవలేదు. సంఘంలో అందరూ మారుమనస్సుని నమ్మినవాళ్ళే. కాకపోతే ఆ నమ్మకం పెదవుల దాకా వచ్చింది, పళ్ళ దాకా రాలేదు. అతను పనిముట్లు కడుగుతూ ఉండిపోయాడు. రానురానూ మాటలు తగ్గాయి. పొద్దుగూకేవేళ కిటికీలోంచి వీధి చివరి సారా దుకాణం వైపు చూసేవాడు. ఆ చూపు చూసినప్పుడల్లా అక్క ఏదో పని చెప్పి పిలిచేది.

ఇలా ఉండగా డాక్టరుగారి దవడపన్ను పుచ్చి బుగ్గ వాచింది. ఎదుటివాళ్ళ పళ్ళు ఎన్నో పీకిన ఆ మహానుభావుడికి, సూది తన వైపు తిరిగితే కళ్ళు తిరుగుతాయి. పక్కవీధి డాక్టరు దగ్గరికి వెళ్ళమని ఆవిడ బతిమాలింది. ఆయన వినకుండా, రోగులు కిటకిటలాడే వేళ చూసి, తలుపు బార్లా తెరిపించి, వెళ్ళి తన కుర్చీలో పడుకుని బావమరిదిని పిలిచారు.

ఆవిడ పరుగున వచ్చి గొంతు తగ్గించింది. "ఏమండీ, వాడు మళ్ళీ ఇంకో పన్ను పీకితే?"

"రెండోవైపు నములుకుంటాను. వాడే మన చెయ్యి జారిపోతే ఏం చేస్తాం?"

తమ్ముడు సూది పట్టుకుని, మళ్ళీ ట్రేలో పెట్టేశాడు.

"నావల్ల కాదు బావా."

"అయితే బయటికెళ్ళి రా."

అతను వెళ్ళాడు. కిటికీలోంచి ఆవిడకి అతని వీపు కనిపించింది, వీధి చివరికే నడుస్తోంది. గదిలో అందరూ మెడలు సాచి చూస్తున్నారు. డాక్టరుగారు మాత్రం చూడలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే పెట్టుకుని పడుకున్నారు. వెళ్ళినవాడు తిరిగొస్తాడని ఇంత నిబ్బరంగా నమ్మే మనిషితోనా తను ఇన్నేళ్ళు కాపురం చేసింది? ఆవిడకి ఇన్నాళ్ళూ చాదస్తమనుకున్నదాని ముందు తలవంచాలనిపించింది.

తమ్ముడు దుకాణం దాకా వెళ్ళలేదు. మధ్యలో దీపస్తంభం దగ్గర తలవంచుకుని కాసేపు నిలబడ్డాడు. వెనక్కి తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, బావగారికి దణ్ణం పెట్టాడు.

"నమస్కారమండీ. ఏమిటి ఇబ్బంది?"

డాక్టరుగారు వేలితో చూపించారు. సూది దగ్గరికి రాగానే కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు గానీ, లేచి బయటికి మాత్రం పోలేదు. కాసేపటికి ట్రేలో టంగుమని చప్పుడైంది. ఆవిడ వంగి చూసింది. పుచ్చిన పన్నే. పీకినవాడి చెయ్యి నిలకడగా ఉంది, కళ్ళల్లో నీళ్ళే నిలకడగా లేవు.

అప్పుడు రోగుల్లో భర్త పక్కన కూర్చున్న సంఘ పెద్దగారి భార్య లేచింది. పెద్దగారు మోచెయ్యి పట్టుకుని లాగినా ఆగకుండా వెళ్ళి, డాక్టరుగారిని లేవమని సైగ చేసి, కుర్చీలో కూర్చుంది.

"నాది కుడివైపు కిందది బాబూ. కుడంటే నా కుడి, నీ కుడి కాదు."