సావుకారి పొట్టలో చెరువు

థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు మా రాయచూరు ఆకాశంలో అప్పటికే పాతబడ్డాయి గానీ, రోగి మంచం పక్కకు తోసుకుపోయే చిన్న స్కానింగ్ మిషను మాత్రం ఆ రోజుల్లో మా ఊరికి వింతే. దాన్ని కొన్న పెద్ద సారు (మా ఆస్పత్రి యజమాని, సర్జను, నాకు జీతమిచ్చే దేవుడు) కొత్త డాక్టరునైన నన్ను కొన్నాళ్ళు హైదరాబాదు పంపి శిక్షణ ఇప్పించారు. ఆపరేషన్ అయిన మనిషి ఒంట్లో నీరు చాలుతోందా, ఎక్కువైందా అన్నది పొట్టలోంచి గుండెకు పోయే పెద్ద సిరను చూసి అంచనా వేయొచ్చట. ఊపిరి పీల్చినప్పుడు సిర అణిగిపోతే సెలైన్ కావాలి, ఉబ్బి కదలకుండా ఉంటే ఆపాలి. శిక్షణలో బొమ్మలు చూస్తుంటే ఇంత సులువా అనిపించింది. ఆ బొమ్మల్లో మనుషులెవరూ మాట్లాడలేదు మరి.

నా విద్యకు మొదట దొరికినవారు బట్టల సావుకారి. బజారులో ఆయనది పెద్ద దుకాణం, థర్మల్ కాలనీ పెళ్ళిళ్ళ చీరలన్నీ అక్కడివే. పేగు ఆపరేషన్ అయిన మరునాడు ఆయనకు మధ్యాహ్నం నుంచి మూత్రం సంచిలోకి చుక్క దిగలేదు. నాడి పరుగెడుతోంది, మనిషి మంచంలో ఒకటే మెలికలు తిరుగుతున్నారు. "నీరు కమ్మి ఆగ్యద, ఇన్నూ సెలైన్ హాక్రి" అని, ఒంట్లో నీరు తగ్గింది, ఇంకా సెలైన్ పెట్టమని పెద్ద సారు కన్నడంలో ఆర్డరేశారు. "ఇంకా ఎక్కిస్తరా? అసలే గుండె బలం లేదు, ఊపిరితిత్తుల్ల నీళ్ళు చేరితే ఎట్ల?" అని మత్తు డాక్టరమ్మ అడ్డుపడింది. ఇద్దరూ కాసేపు వాదించుకుని, చివరికి ఒక్కసారే నా వైపు తిరిగారు. అంతవరకూ నన్ను ఎవరూ అలా చూడలేదు. ఛాతీ ఒకింత విరుచుకుని మిషను తోసుకుంటూ వెళ్ళాను.

"ఏంది డాక్టరమ్మా, గిది గర్భిణులకు చేసేది గదా! మగమనిషికి గిట్ల పొట్ట మీద పెడ్తరేంది?" అంది సావుకారి భార్య, పక్క మంచాల వాళ్ళు వింటున్నారేమోనని చూస్తూ. ఆమెకు నచ్చజెప్పి, జెల్లు రాసి, ఎలాగో సిరను పట్టుకున్నాను. ఉబ్బి ఉంది, కదలడం లేదు. "సెలైన్ ఆపాలి సార్!" అన్నాను. తీరా ఆయన ముఖం చూస్తే ఎర్రగా కందిపోయి ఉంది. ఊపిరి బిగబట్టారు! (ఎక్స్‌రే తీసినప్పుడు బిగబట్టమన్నారట, మిషను కనబడగానే అదే పని.) "ఊపిరి తీస్కోండి పెదనాయినా" అన్నాను. "గాలి గుంజు, గట్టిగ గుంజు!" అని భార్య, "ఉసిరు ఎళీరి!" అని ఆయా, "సాంస్ ఛోడో, మియా!" అని పక్క మంచం చాచా. సావుకారి మూడు భాషలనూ గౌరవించి, ఈతగాడిలా ఊపిరి ఎగబీల్చారు. సిర కాస్తా కాగితంలా అణిగిపోయింది. "కాదు సార్, సెలైన్ కావాలి!" అన్నాను. "ఏనవ్వా, ఎరడూ హౌదేను?" అన్నారు పెద్ద సారు. రెండూ నిజమేనా అని ఆయన అడుగుతున్నారు. నాకూ అదే సందేహం.

చెమట ఒకపక్క, జెల్లు ఒకపక్క. సావుకారి మళ్ళీ మెలిక తిరిగేసరికి నా చెయ్యి జారి బొడ్డు కిందికి పోయింది. తెర మీద ఇంత పెద్ద నల్లని చెరువు! తెర మీద నలుపంటే నీరో, నెత్తురో. ఆపరేషన్ అయిన కడుపులో అంత నలుపు ఏమై ఉంటుంది? "సార్, లోపల నెత్తురు కారుతోంది!" అని అరిచాను. వార్డు వార్డంతా లేచి నిలబడింది. పెద్ద సారు థియేటరు సిద్ధం చేయమని కేకేశారు, మత్తు డాక్టరమ్మ మందుల కోసం పరుగెత్తింది. భార్య మంచం కోడు పట్టుకుని కూలబడి, "మల్ల కోస్తరా? నిన్న కోసింది సాలలేదా?" అని ఏడుపందుకుంది. ఆ గోలలో సావుకారి బతిమాలుతున్నట్టుగా, "కోస్తే కోయండ్రి గని, ఒక్కపాలి ఒంటికి పోయొస్త" అన్నారు.

"గొట్టం వేసినం కదా పెదనాయినా, లేవనక్కర్లేదు" అని కసురుకుంటూ మళ్ళీ తెర వైపు చూశాను. చెరువు నడుమ తెల్లని ఉంగరం ఒకటి తేలుతోంది. కడుపులోకి ఉంగరం ఎలా వచ్చింది? ఎక్కడో చూసిన ఆకారమే. మూత్రపు గొట్టం జారిపోకుండా కొసన ఉండే చిన్న బుడగ! అంటే అది నెత్తురు చెరువు కాదు, మూత్రాశయం. ఇక్కడ నిండి పొంగుతుంటే, సంచిలోకి చుక్క ఎందుకు దిగలేదు?

దుప్పటి తీసి గొట్టం వెంబడి చెయ్యి పోనిచ్చాను. అది పరుపు కింద, నీటుగా మడిచిన చీరలా నాలుగు మడతలుగా దొరికింది. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మధ్యాహ్నం లింగసుగూరు నుంచి వియ్యంకులొచ్చిపోయిన్రు. వాళ్ళ ముందట గది ఏలాడుతుంటే ఏం బాగుంటదని మడిచి పెట్టిన" అంది.

మడత విప్పాను. సంచి నిండుతున్న కొద్దీ సావుకారి ముఖం వికసించింది. "అబ్బా... పానం సల్లబడ్డది" అని కళ్ళు మూసుకుని, మరుక్షణం గురక పెట్టారు. నాడి దారికొచ్చింది. పెద్ద సారు థియేటరు వద్దని చెప్పి, గోడ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వారు. నేను పట్టుదలగా సిరను మరోసారి చూశాను. ఆయన నిద్రలో మామూలుగా ఊపిరి తీస్తుంటే, అది కూడా మామూలుగా, హాయిగా కదులుతోంది. ఉబ్బిందీ లేదు, అణిగిందీ లేదు. ఆ గొప్ప సంగతి చెబుదామని తలెత్తితే వినడానికి ఎవరూ లేరు, అందరూ చాయ్ తాగడానికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నా దగ్గర చేరే కొత్త డాక్టర్లు స్కానింగ్ చూసి గబగబా తీర్పులు చెబుతుంటే, ఆ రోజు మిషను తోసుకెళ్ళిన ఆ అమ్మాయి గుర్తొస్తుంది. మోచేతి దాకా జెల్లు, జారిన చున్నీ, లోకాన్ని కాపాడేది తనేనన్న కంగారు. ఒక్క నిమిషం ఆపి, "కూర్చోవే తల్లీ, నువ్వు కూడా కాస్త ఊపిరి తీసుకో" అనాలనిపిస్తుంది. కానీ ఆగదు, నాకు తెలుసు. ఆగే వయసు కాదది. నిజం చెప్పాలంటే, ఆగకుండా పరుగెత్తే ఆ పిల్లంటేనే నాకు ముద్దు.