అత్త అరచెయ్యి

గట్టు అనే ఊళ్లో ఉండే మా మేనత్త దేన్నయినా అరచేతిలో వేసి రుద్ది, వాసన చూశాకే నమ్మేది. విత్తనపు వేరుశనగ అయినా, కొత్త నెయ్యి అయినా అంతే. అంగడివాళ్లు విసుక్కున్నా లెక్కచేసేది కాదు.

సెల్‌ఫోన్ సిగ్నల్ కోసం మిద్దె ఎక్కే రోజులవి. ఒక దసరాకు ఆమె అల్లుడు దుబాయ్ నుంచి రెండు ఐర్లండ్ విస్కీ సీసాలు తెచ్చాడు. పండుగకు ఒకటి, ఉగాదికి ఒకటి. ముందు ఏది తాగాలన్నదే తేలలేదు. ధర ఎక్కువున్నదే కావాలని మామ, పాతదే కావాలని అల్లుడు పొద్దున్నుంచి వాదించుకుంటున్నారు. పొయ్యి మీద మాంసం మెత్తగా ఉడికిపోయింది.

"జర గిట్ల తేండ్రి," అంది అత్త.

రెండు మూతలూ తీయించి, ఒక్కోదాని చుక్కలు అరచేతిలో వేసుకుని బొటనవేలితో రుద్దింది.

"ఇది జొన్న పేలాల వాసనొస్తుంది. కూరకు మంచిగుంటది, ఇదే తాగుండ్రి."

"మరి అది, అత్తమ్మా?" అన్నాడు అల్లుడు.

"అది కిస్మిస్ లెక్కుంది. ఉగాది దాంక నా పెట్టెల ఉంటది."

సాయంత్రం ఆమె చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కాను. నన్ను లేపి ముద్దు పెట్టుకుంది. ఆమె నోట్లోంచి కమ్మటి కిస్మిస్ వాసన వచ్చింది.

"అత్తా, ఉగాదికి ఇంక ఆర్నెల్లుంది గదా," అన్నాను మెల్లగా.

"అందరికి ఆర్నెల్లే బిడ్డా. నాకు జర ముందుగాల్నే వచ్చింది," అంటూ పెట్టె మూత తీసింది. "ఏది, చెయ్యి పట్టు."