స్లీపింగ్ బ్యాగుల కమిటీలో నేను

తెలంగాణ ఏర్పడిన మూడో ఏటి చలికాలంలో నేను అచ్చంపేట దాటాక నల్లమల అంచున ఉన్న ఒక రేంజిలో డిప్యూటీ రేంజి అధికారిగా పనిచేస్తున్నాను. రేంజి అంటే అటవీ పరిపాలనలో మండలం లాంటిదనుకోండి. దాని కింద సెక్షన్లు, వాటి కింద బీట్లు ఉంటాయి. బీటును కాపాడేది బీటు అధికారి. ఆ అధికారికి అడవిలో దారి చూపేది వాచర్. రోజు కూలీ మీద పనిచేసే వాచర్ పేరు ఏ కాగితంలోనైనా చివరనే ఉంటుంది. నా ఉద్యోగ విరమణకు అప్పటికి రెండేళ్లు మిగిలాయి.

ఏటా జంతువుల లెక్కింపు సమయంలో ఆరు రోజులు అడవిలోనే మకాం ఉంటుంది. నిర్ణయించిన దారుల్లో పొద్దున్నే నడిచి అడుగుజాడలు, పెంటికలు, చెట్ల మీద గోళ్ల గీతలు నమోదు చేయాలి. అంతవరకు ఎవరి గొంగడి వారు తెచ్చుకునేవారు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. బహుశా అందుకే మా పై అధికారికి అనుమానం వచ్చింది. సిబ్బందిని ఆధునికీకరించాలని, అందరికీ స్లీపింగ్ బ్యాగులు కొనాలని నిర్ణయించారు. అధికారి, ఆఫీసు సూపరింటెండెంటు, నేను కలిసి ముగ్గురు సభ్యుల కమిటీ. నేను సాంకేతిక సభ్యుణ్ని. శిక్షణ రోజుల్లో ఒకసారి అలాంటి బ్యాగులో పడుకున్నానని నోరుజారి చెప్పడమే అందుకు నా అర్హత.

ముందు ఎలాంటి బ్యాగు కావాలో వివరాల పత్రం రాయాలి. పడుకునేవాళ్లను అడగకుండా అది రాయడం తప్పనిపించి, టేపు పట్టుకుని బేస్ క్యాంపుకు వెళ్లాను. అక్కడి వాచర్లలో పెద్దవాడు లింగయ్య. దగ్గరి పెంటలోనే, అంటే చెంచుల గూడెంలోనే, పుట్టి పెరిగిన మనిషి. ఎత్తు మామూలే కాని భుజాలు తలుపంత వెడల్పు. కొలత తీస్తుంటే నన్ను కింది నుంచి మీదికి చూసి, "సారు, కుట్టుమిషిన్ గిట్ల పెట్టినవా ఏంది?" అన్నాడు. అందరూ నవ్వారు.

కోస్గి వైపు నుంచి కొత్తగా ఉద్యోగంలో చేరిన బీటు అధికారి బాలమణి మాత్రం నవ్వలేదు.

"సార్, లోపలికెల్లి జిప్పు తియ్యనీకి వస్తదా? ఎలుగు గిట్ల వస్తే జల్ది బయటపడాలె గద" అని అడిగింది.

నా నౌకరీలో కొనుగోలు గురించి నేను విన్న తెలివైన ప్రశ్న అదొక్కటే.

వచ్చి ఒక పేజీ రాశాను. బ్యాగు దీర్ఘచతురస్రంగా ఉండాలి. అందరికంటే పెద్ద మనిషి స్వెటరు వేసుకుని, పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకున్నా బిగుతు కాకూడదు. జిప్పు లోపలి నుంచీ బయటి నుంచీ తెరుచుకోవాలి. పాదాల దాకా తెరిస్తే మొత్తం బొంతలా పరుచుకునేలా ఉండాలి. జిప్పు వెంబడి లోపల గట్టి పట్టీ ఉండాలి, లేకపోతే అస్తరు గుడ్డ అందులో ఇరుక్కుంటుంది. అస్తరు నూలుదైతే ఒంటికి చెమట పట్టదు.

అధికారి నా పేజీని శ్రద్ధగా మడిచి ఫైలు అడుగున పెట్టారు. ఆయన మనసు అప్పటికే బల్లమీదున్న నీలం రంగు బ్యాగు మీద ఉంది. దాని అట్ట మీద మంచు శిఖరం, శిఖరం మీద నవ్వుతున్న తెల్ల మనిషి. భుజాల దగ్గర నుంచి పాదాలకు వచ్చేసరికి సన్నబడిపోయే ఆ రకాన్ని మమ్మీ బ్యాగు అంటారు. ఒంటికి అతుక్కుని ఉంటుంది కనుక గడ్డకట్టే చలిలో వేడిని పట్టి ఉంచుతుంది. మన అడవిలో మంచు పడిన దాఖలా లేదని మనవి చేశాను.

"రేపు పడితే?" అన్నారు.

ఆ దూరదృష్టికి సూపరింటెండెంటు మెచ్చుకోలుగా తల ఊపారు.

నిబంధనల ప్రకారం నమూనాను పరీక్షించాలి. అటెండరు యాదగిరిని పిలిచారు. వెదురుకర్రకు చొక్కా తొడిగినట్టుండే మనిషి. ఫ్యాను కింద తివాచీ మీద బ్యాగులో దూరి పడుకున్నాడు.

"ఎట్లుంది యాదగిరీ?"

"మస్తుగుంది సార్."

తన అధికారి కాళ్ల దగ్గర నేల మీద పడుకుని ఉన్న అటెండరు ఇంకేమంటాడు? సూపరింటెండెంటు వెంటనే రాసుకున్నారు: 'వినియోగదారునిచే పరీక్షింపజేయడమైనది. సంతృప్తికరం.' ఆ వినియోగదారుడు పుట్టిన తర్వాత ఒక్క రాత్రి కూడా అడవిలో పడుకోలేదు. కమిటీ నివేదిక కింద అసమ్మతి రాసే హక్కు నాకుంది. ఇంకెంత, రెండేళ్లే కదా అనుకుని సంతకం పెట్టాను.

లెక్కింపుకు ముందురోజు సాయంత్రం క్యాంపులో బ్యాగులు పంచాం. లింగయ్య కాళ్లు పెట్టాడు, నడుము పెట్టాడు, ఛాతీ దగ్గర ఆగిపోయాడు.

"సారు, దీంట్ల నేను సగమే పడ్త. తక్కిన సగానికి ఇంకోటి ఇస్తరా?"

అంత సౌకర్యం కమిటీ ఊహించలేదు. పైగా రోజూ ఉదయం సిబ్బంది బ్యాగుల్లో పడుకుని ఉన్న ఫొటోను వాట్సాప్‌లో పంపాలని ఉత్తర్వు. కాబట్టి అందరూ హాయిగా గొంగళ్లలో నిద్రపోయి, ఆరింటికి లేచి, ముఖాలు కడుక్కుని, బ్యాగుల్లో దూరి, కళ్లు మూసుకుని ఫొటో దిగి బయటికి వచ్చేవారు. నిజంగా అందులో పడుకున్నది నేనొక్కణ్నే. సంతకం పెట్టినవాడికి ఆపాటి పౌరుషం ఉండాలనుకున్నాను.

మూడో రోజు తెల్లవారుతుండగా బాలమణి గొంతుకు మెలకువ వచ్చింది. అరవడం లేదు, తగ్గించి మాట్లాడుతోంది. "సార్, ఎలుగు. పిల్లతోటి ఉంది. ఉరకకున్రి."

రేగుపొదల దగ్గర, మాకు ముప్పై అడుగుల దూరంలో నల్లగా నిలబడి ఉంది. పిల్లతో ఉన్న ఎలుగుబంటి పులి కంటే ప్రమాదం. మిగతావాళ్లు మెల్లగా వెనక్కి జరిగి, సామాను పెట్టుకునే రాతిగది వైపు వెళ్లారు. నేను జిప్పు లాగాను. అది నాలుగు వేళ్లు కదిలి, అస్తరును కరుచుకుని ఆగిపోయింది. చేతులు రెండూ లోపలే. పక్కకు దొర్లడానికి కూడా జాగా లేదు. ఎలుగుబంటి ముక్కు పైకెత్తి నా వైపు వాసన చూసింది. ఆ సమయంలో దేవుడు గుర్తుకు రావాలి. నాకు మాత్రం 'సంతృప్తికరం' అన్న మాట గుర్తుకొచ్చింది.

అప్పుడు నా తలవైపు ఎవరో బ్యాగుకు కుట్టి ఉన్న టోపీని పట్టుకున్నారు.

"సప్పుడు చెయ్యకు సారు. గుంజుతున్న" అన్నాడు లింగయ్య.

అతను గదిలోంచి తిరిగి వచ్చాడు. ఎలుగుబంటి మీద నుంచి చూపు తిప్పకుండా, వంగి, వెనక్కి అడుగులు వేస్తూ నన్ను వడ్ల బస్తాలా రాళ్ల మీద ఈడ్చుకుపోయాడు. అది రెండడుగులు ముందుకు వేసింది. అతను ఆగాడు. అది ఆగింది. పిల్ల పొదల్లోకి నడిచేసరికి తల్లి దాని వెనక తిరిగింది. గది తలుపు వేశాక లింగయ్య కత్తి తీసి బ్యాగును మెడ నుంచి నడుము దాకా కోసి నన్ను బయటికి తీశాడు. నా వీపు చెక్కుకుపోయింది.

ఘటన నివేదిక పంపాను. వారానికి జవాబు వచ్చింది, నాకు కాదు, లింగయ్యకు. ప్రభుత్వ ఆస్తిని బుద్ధిపూర్వకంగా ధ్వంసం చేసినందుకు చర్య ఎందుకు తీసుకోకూడదో తెలపాలని మెమో. రోజు కూలీ మనిషిపై చర్య అంటే రేపటి నుంచి రావద్దనడమే. బాలమణి అతనికి చదివి వినిపించింది. అతను నా వైపు తిరిగాడు.

"అంటే సంచి మంచిగుండి నువ్వు ఎలుగు నోట్ల పడాల్నా సారు?"

ఆ పూటే జవాబు రాశాను. బ్యాగులో ఉన్నది నేను, కోయమన్నది నేను. నిజానికి కోయమనడానికి నాకు నోరు పెగల్లేదు, కానీ ఫైలు అంతటిలో అబద్ధం అదొక్కటే అయితే ఫరవాలేదనుకున్నాను. ఎలాంటి బ్యాగు కావాలో ముందే రాసిన పేజీ జతచేశాను. అయినా నివేదికపై సంతకం పెట్టానని, తప్పు నాదని కూడా రాశాను.

విచారణకు పిలిచారు. అధికారి నా జవాబును వేలితో తడుతూ, జిప్పు ఇరుక్కోవడం వాడేవారి అవగాహన లోపమన్నారు. మాటలతో ఆగితే బాగుండేది. బూట్లు విప్పి, తివాచీ మీదికి దిగి, ఇంకో బ్యాగులో దూరి, జిప్పు గడ్డం దాకా లాక్కుని, "చూడండి, ఎంత సులభమో" అంటూ కిందికి లాగారు. రాలేదు. మళ్లీ లాగారు. ముఖం ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే బల్లమీద ఫోను మోగింది. హైదరాబాదు నుంచి పెద్ద సారు. యాదగిరి మోకాళ్ల మీద కూర్చుని ఫోనును ఆయన చెవికి ఆనించాడు.

"ఫీల్డులో ఉన్నా సార్" అన్నారు అధికారి, నేల మీంచి.

పావుగంట గడిచాక యాదగిరి కత్తెర తెచ్చి మర్యాదగా అడిగాడు: "సార్, కొయ్యమంటరా?"

ఆయన సీలింగు వైపు చూసి కళ్లు మూసుకున్నారు. దాన్నే ఉత్తర్వుగా తీసుకుని యాదగిరి కోశాడు.

మరునాడు లింగయ్య ఫైలు మీద 'తదుపరి చర్య అవసరం లేదు' అని వచ్చింది. నాకు మాత్రం, సరైన అభిప్రాయాన్ని సకాలంలో తెలపనందుకు హెచ్చరిక మెమో వచ్చింది. నా సర్వీసులో అందుకున్న కాగితాల్లో అంత న్యాయమైనది లేదు. నీలం బ్యాగులు స్థానిక వాతావరణానికి సరిపడవని తేలింది. మరుసటి ఏడు నమూనాలను క్యాంపుకే తీసుకుపోయి, స్వెటర్లు వేసుకున్న మనుషులను పడుకోబెట్టి, కళ్లు మూసుకుని బయటికి రమ్మని చూశాకే కొన్నారు. వెడల్పాటివి, మోయడానికి కాస్త బరువు. ఆ బరువు గురించి ఎవరూ నోరెత్తలేదు.

స్లీపింగ్ బ్యాగు ఎలాంటిది కొనాలని ఎవరైనా అడిగితే, అందులో పక్కకు తిరిగి మోకాళ్లు ముడిచి చూడమని, చీకట్లో జిప్పు తీయడం రాకపోతే అక్కడే వదిలేయమని చెబుతాను. ఇక ఆ కమిటీ విషయానికి వస్తే, నాకు తెలిసిన సంగతిని రాయకుండా సంతకం పెట్టింది నేను, ఉద్యోగం పోగొట్టుకోబోయింది లింగయ్య. మిగిలిన రెండేళ్లలో అసమ్మతి ఉన్న ప్రతి కాగితం మీదా దాన్ని రాసిన తర్వాతే సంతకం పెట్టాను. మళ్లీ నన్ను ఏ కమిటీలోనూ వేయలేదు.