అరచేతిలో చారు

ఈ సంగతి జరిగినప్పుడే రాసి ఉండాల్సింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. పేదరికం వల్ల చదువుకోలేదని చెబితే వినేవాళ్ళకు బాగుంటుంది గానీ, అది అబద్ధం. రొళ్ల దగ్గర మా పుట్టింటికి ఎదురుగానే బడి ఉండేది. "ఈడనే ఉండాది కదా, ఎప్పుడైనా పోవచ్చులే" అనేవాడు మా నాయన. ఆ ఎప్పుడైనా అన్నది నాకు మనవళ్ళు పుట్టాక వచ్చింది. పెనుకొండలో మా వీధి చర్చి వరండాలో సాయంత్రం పూట ఒకామె మాబోటి పెద్దవాళ్ళను కూర్చోబెట్టి దిద్దిస్తే నిరుడు నేర్చుకున్నాను. నేర్చుకున్నాక ఏం రాయాలా అని ఆలోచిస్తే, నాకు బాగా తెలిసిన విషయం ఒక్కటే కనిపించింది. అది మా ఆయన ఉప్పు.

మా ఆయన పెళ్ళిళ్ళకు వంట చేస్తాడు. ఇటు హిందూపురం, అటు ధర్మవరం దాకా ఆయన్ని పిలుస్తారు. ముందు ఆయన్ని అడిగి, తరువాత ముహూర్తం పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారట. ఈ మాట ఆయనే చెబుతాడు. ఆయన కింద పనిచేసేవాళ్ళు కూరలు తరగొచ్చు, పప్పు ఉడికించొచ్చు, ఓళిగలు, అదే బొబ్బట్లు, తట్టొచ్చు. ఉప్పు మాత్రం ఆయన చేత్తోనే పడాలి. ఉప్పు వేసి, కలిపి, గరిటెతో ఇంత అరచేతిలో పోసుకుని చప్పరించి, తల ఊపితేనే ఆ గుండిగ వడ్డనకు కదులుతుంది. తల ఊపకపోతే, పెళ్ళికొడుకు ఆకు ముందు కూర్చున్నా సరే, కదలదు.

అట్లాంటి మనిషికి మూత్రపిండాల జబ్బు వచ్చింది. బి.పి. ఉందని ఎప్పుడో చెప్పారు. పొయ్యి దగ్గర నిలబడేవాడికి తల తిరగడం మామూలేనని ఆయన మాత్రలు వేసుకోలేదు. హిందూపురం డాక్టరు పరీక్షలు చూసి, "పూర్తిగా పాడు కాలేదు, ఉన్నంత కాపాడుకుందాం" అంటే మేము సంతోషించాము. ఆ సంతోషం తీరకముందే, "ధర్మవరంలో గుండె డాక్టరుకు చూపించుకోండి" అన్నాడు.

"సార్, మేమొచ్చింది కిడ్నీకి" అన్నాడు మా ఆయన, తప్పుదారిన పోతున్నవాడిని వెనక్కి పిలిచినట్టు.

"ఈ జబ్బున్న చాలామందికి డయాలసిస్ దాకా రాకముందే గుండె దెబ్బతింటుంది పెద్దాయనా. మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ సరిగ్గా బయటికి పంపలేవు. అదంతా ఒంట్లో నిలబడితే ఆ బరువు మోయాల్సింది గుండే. రక్తనాళాలు కూడా గట్టిపడతాయి. ముందు ఉప్పు తగ్గించండి."

ఆ రోజుతో మా ఆయన మూడు ఊళ్ళకు పంపకమైపోయాడు. మూత్రపిండాలు హిందూపురంలో, గుండె ధర్మవరంలో, మిగిలిన మనిషి పెనుకొండలో నా దగ్గర. చూడవచ్చిన చుట్టాలు గుండెకు మంచిదని టెంకాయ నీళ్ళు, అరటిపండ్లు తెచ్చారు. రక్తంలో పొటాషియం ఇప్పటికే ఎక్కువుంది, అవి వద్దని హిందూపురంలో అన్నారు. గుండెకు మంచి ఉప్పు అని ఎవరో ఒక ప్యాకెట్టు కూడా తెచ్చిపెట్టారు. అందులో పొటాషియం ఉంటుంది, మీ ఆయనకు మామూలు ఉప్పుకంటే అదే ప్రమాదం అన్నాడు డాక్టరు. చివరికి అరటిపండ్లు నేను తిన్నాను. ఆ ఉప్పు పారేశాను.

ఇంట్లో ఉప్పు దాదాపు మాన్పించాను. ఒకే ఇంట్లో రెండు రకాలు వండితే ఆయన కన్ను రెండో గిన్నె మీదే ఉంటుందని నేనూ అదే తిన్నాను. ఊరగాయ జాడీలు మా చెల్లెలి ఇంటికి పోయాయి.

"ఏమ్మే, ఇది పప్పా, గోడకేసే సున్నమా?" అనేవాడు మొదట్లో.

"సున్నమైతే కొంచెం ఘాటుగా ఉంటాది. గమ్మున తిను" అనేదాన్ని.

తిన్నాడు. ఏడాది పాటు తిన్నాడు. అయినా కాళ్ళ వాపు దిగలేదు, బి.పి. దిగలేదు. పోయినప్పుడల్లా డాక్టరు ఒక మాత్ర పెంచి, నా వైపు చూసేవాడు.

"అమ్మా, ఉప్పు తగ్గించమన్నాను కదా?"

"మా ఇంటికి చుట్టాలు భోజనానికి వచ్చేది మానుకున్యారు సార్. ఇంకా ఎట్ల తగ్గించేది?"

"ఇంటి కూడులో ఉప్పు లేదు సార్, నేనే సాక్షి" అనేవాడు మా ఆయన, చాలా బాధగా. అదీ నిజమే.

అక్కడ డాక్టరు నేను ఉప్పు పెట్టి చంపుతున్నానని అనుకుంటుంటే, ఇక్కడ మా ఆడబిడ్డ వచ్చి, "ఏం వదినా, సప్పిడి కూడు పెట్టి మా అన్నను ఆరబెడతాండావా?" అనేది. ఇద్దరికీ నేనే దొరికాను.

ఆయన వంట చేసే చోటికి నేనెప్పుడూ పోయేదాన్ని కాదు. ఆ ఏడు హిందూపురంలో మా దగ్గరి బంధువుల పెళ్ళి ఆయన చేతి మీదుగానే జరిగింది. నేను వంట పందిట్లో బియ్యం మూటల పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నాను. మా ఆయన పప్పులో ఉప్పు వేశాడు. అరచేతిలో పోసుకున్నాడు, చప్పరించాడు. చారు దగ్గరికి పోయాడు. మళ్ళీ అరచెయ్యి. సాంబారు, పులిహోర గొజ్జు, చట్నీ. మళ్ళీ పప్పు. నాలుకను తేటపరచడానికట, మధ్యమధ్యలో ఇంత మామిడికాయ ఊరగాయ. నా చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది.

"ఏమయ్యా, ఏం చేస్తాండావు?"

"రుచి చూస్తాండా."

"ఉప్పు తినొద్దన్యాడు కదా డాక్టరు!"

"తింటాండానా నేను? తినల్లంటే ఆకేసుకుని కూర్చోవల్ల. ఇది పని. కంసాలి బంగారు పట్టుకున్యాడని ఆయప్ప నగలేసుకున్యట్టా?"

"కంసాలి బంగారు మింగడు!"

పందిట్లో అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, చారు ఇంకోసారి చూశాడు. ఆయన అబద్ధమాడుతున్నాడని నాకు అనిపించలేదు. నలభై ఏళ్ళుగా రుచి చూడడం వేరు, తినడం వేరు అని నమ్మిన మనిషి. ఏ డాక్టరైనా ఆయన్ని "ఏం తింటున్నావు?" అనే అడిగాడు గానీ, "ఏం చప్పరిస్తున్నావు?" అని అడగలేదు.

మధ్యాహ్నం వడ్డనలు అయ్యాక నడుము వాల్చాడు. వాల్చినవాడు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి అందడం లేదు. కూర్చున్నా ఎగశ్వాసే. పెళ్ళివారి కారులోనే ఆసుపత్రికి తీసుకుపోయాము. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది, గుండె ఇక తోడలేకపోయింది అన్నారు. సూది మందులిచ్చి ఆ నీరంతా బయటికి పోయేట్టు చేశారు. మనిషి మాట్లాడే స్థితికి వచ్చాక నేను డాక్టరుకు అరచేతి సంగతి చెప్పాను.

"అట్లా ఎన్నిసార్లు పెద్దాయనా?"

"లెక్క యాడ పెట్టుకుంటాం సార్. చెయ్యి తడారదు."

డాక్టరు గుండె స్కానింగు కాగితం తీసి చూశాడు. తరువాత, "ఈసారి ఆసుపత్రి పక్కనే ఉన్నారు కాబట్టి బతికారు. గుండె కండరం ఇప్పటికే మందమైంది. ఇంకోసారి ఇట్లా అయితే ఇక్కడిదాకా రావడానికి సమయం ఉండదు" అన్నాడు.

ఇంటికి వచ్చాక మా ఆయన పనులు ఒప్పుకోవడం మానేశాడు. రుచి చూడకుండా వండడం కంటే పొయ్యి ఆర్పుకోవడమే మేలన్నాడు. గరిటెలు తోమి, బోర్లించి, వాటికి ఎదురుగా కూర్చునేవాడు. గుండెకు ఉప్పు చేటని తెలుసు, ఇట్లా కూర్చోవడం అంతకంటే చేటేమోనని నాకు భయం వేసింది.

"నేనొచ్చి రుచి చూస్తా. నువ్వు ఉప్పు వెయ్యి, నేను చప్పరిస్తా" అన్నాను.

"నీ నాలుకతోనా!" అని చాలా రోజుల తరువాత నవ్వాడు. అయినా ఒప్పుకున్నాడు.

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసేవాళ్ళ పెళ్ళి. గుండిగల పక్కన నాకొక ముక్కాలిపీట వేశారు. ఆయన నా అరచేతిలో చారు పోసి, నా ముఖంలోకి చూశాడు.

"సరిపోయింది" అన్నాను.

"సరిపోయిందా? ఆవిరి వాసన చూస్తే తక్కువుండాదే."

"నాలుక నాదా, నీదా?"

"నీదే తల్లీ."

సాంబారులో ఉప్పు ఎక్కువైందని కూడా చెప్పాను. నీళ్ళు పోయించాను.

మొదటి బంతిలోవాళ్ళు ఆకు మూలన ఉప్పు కోసం వెతుక్కున్నారు. తరువాత ఒక పెద్దమనిషి ఆకు ముందునుంచే కేకేశాడు. "ఏమప్పా వంటాయనా, ఇది పెండ్లి భోజనమా, ఆస్పత్రి భోజనమా?"

"మగపెండ్లోళ్ళకంతా బి.పి. ఉండాదని ఎవరు చెప్పిరి వీళ్ళకు?" అంది ఆ వరసలో ఒకామె. నవ్వులు. వడ్డించేవాళ్ళు ఉప్పు గిన్నెలు పట్టుకుని ఆకుల మధ్య పరుగెత్తారు.

మా ఆయన ముఖం నల్లబడింది. గరిటె తీసి, చారు తన అరచేతిలో పోసుకున్నాడు. చెయ్యి నోటిదాకా లేచింది. నేను ముక్కాలిపీట మీదనుంచి లేచాను. ఆయన ఆ చారును చూశాడు, నన్ను చూశాడు, చెయ్యి నేల మీదికి వంచేశాడు. కడుక్కుని వచ్చి, ఒక్క ఆవిరి వాసన చూసే ప్రతి గుండిగలోనూ ఉప్పు వేశాడు. రెండో బంతిలో ఎవరూ ఉప్పు అడగలేదు. నీళ్ళు మాత్రం బాగా తాగారు.

తిరిగి వస్తూ బస్సులో, "తప్పు నీది కాదు మే" అన్నాడు. "ఏడాదిగా నాతో పాటు సప్పిడి తిని నీ నాలుక సచ్చిపోయిండాది. నీకిప్పుడు మంచినీళ్ళు కూడా ఉప్పగానే ఉంటాయి. నాకు నాలుకగా ఉండల్లంటే నువ్వు ఉప్పు తినల్ల."

"నీ ఎదురుగా నేనెట్ల తినేది?"

"తిను. నేను పక్కకు తిరిగి కూర్చుంటాలే."

మరుసటి రోజు పొద్దున పొయ్యి మీద రెండు గిన్నెలు పెట్టాను. ఒకదాంట్లో అందరిళ్ళలో వేసేంత ఉప్పు వేశాను. ఆ పప్పు సంగటి మీద పోసుకుని, ఆయన పక్కకు తిరగకముందే మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నోరు పొక్కినట్టయింది. అయినా తట్టలో సంగటంతా తినేశాను.